బండి కట్టలు, భిలాయ్ బరువులు

పికప్ బండి వెనక భాగాన్ని మోసేవి కమాన్ కట్టలు. పొడవాటి ఉక్కు బద్దలను ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుమ సెంటర్ బోల్టు వేసి, యు బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. అన్నిటికన్నా పొడవైన మెయిన్ కట్టకు రెండు కొసలా చెవులుంటాయి. ఒక చెవి ఛాసిస్‌కు నేరుగా తగులుతుంది, రెండోది షాకిల్ అనే ఊగే బద్దకు వేలాడుతుంది. బరువు పడి వంపు చదునైనప్పుడు కట్ట కొస వెనక్కి జరగాలి కాబట్టి ఆ ఊపు తప్పనిసరి. హిందీ మెకానిక్ దీన్నే పట్టా అంటాడు. భిలాయ్ ఉక్కు కర్మాగారం పనికి వచ్చి ఖుర్సీపార్ లాంటి బస్తీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు కట్ట, పట్టా రెండూ సొంత మాటలే.

భిలాయ్‌లో ఈ కట్టల మీద పడే బరువు తీరు వేరు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో కట్టి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఉక్కు కర్మాగారం ఇక్కడుంది. అక్కడ తయారయ్యే రైలు పట్టాలు, వెడల్పాటి ప్లేట్లు వ్యాగన్లలోను, ట్రైలర్లలోను పోతాయి. కోసిన ప్లేటు ముక్కలు, కడ్డీలు, పోత సామాన్లు, లేత్ మీద తీసిన భాగాలు మాత్రం నందినీ రోడ్డు, హథ్‌ఖోజ్ షెడ్ల నుంచి పికప్‌ల మీదే తిరుగుతాయి. ఉక్కు ఘనమీటరుకు 7.85 టన్నులు తూగుతుంది. తొమ్మిదడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో నాలుగు సెంటీమీటర్ల మందాన ప్లేటు పరిస్తే ఒకటిన్నర టన్ను దాకా అయిపోతుంది. చూసేవాడికి బండి ఖాళీగానే కనిపిస్తుంది. అదే ధమధా వైపు నుంచి టమాటా వస్తే తొట్టి నిండి, పైన తాళ్లు కట్టాల్సినంత ఎత్తు లేస్తుంది. ఉద్యోగ విరమణ తరవాత సొంత ఊరు చేరే కుటుంబం సామాను మరీ తేలిక, మరీ ఎత్తు. ఆ బండి కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాట్ మలుపులు ఎక్కాలి. ఆ మూడు బండ్లకూ ఒకే కట్టల సెట్టు సరిపడదు.

అందుకే కట్టలు ఎంచే పని వేబ్రిడ్జి దగ్గర మొదలవ్వాలి. భిలాయ్ వాడుకలో అది ధరమ్ కాంటా. ఖాళీ బండిని ఒకసారి, మామూలుగా మోసే సరుకుతో ఒకసారి తూయించాలి. రెండుసార్లూ ముందు ఇరుసును, వెనక ఇరుసును విడివిడిగా ఎక్కించాలి. సంవత్సరానికి ఒకసారి మోసిన పెద్ద బరువు ఇక్కడ లెక్కలోకి రాదు. వారంలో ఎక్కువ రోజులు మోసేదే అసలు కొలత. తిరుగు ప్రయాణం ఖాళీగా వచ్చే బండికి ఖాళీ తూకానికీ అంతే విలువ ఇవ్వాలి. గట్టి కట్టల మీద ఖాళీ బండి గుంటలో పడినప్పుడు చక్రం నేల విడిచి ఎగురుతుంది. వానాకాలంలో ఆ ఎగురుడే బండిని పక్కకు ఈడుస్తుంది.

గట్టిదనం లెక్కలో చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒకే మందం ఉన్న ఆరు కట్టలకు అలాంటిదే ఏడోది చేరిస్తే గట్టిదనం సుమారు ఆరో వంతు పెరుగుతుంది. మందం పెంచితే సంగతి వేరు, ఎందుకంటే గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పోతుంది. ఏడు మిల్లీమీటర్ల కట్టలన్నిటినీ ఎనిమిదికి మార్చితే గట్టిదనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాతో బండి నడకే మారిపోతుంది. సన్న కట్టల మధ్య ఒకే ఒక లావు కట్ట దూర్చడం ఇంకా చెడ్డ పని. ఒకే వంపుకు లావు కట్టలో ఒత్తిడి ఎక్కువ, కాబట్టి ముందు విరిగేది అదే. పొడవు సంగతీ మరవకూడదు. కట్ట పొడవు తగ్గిన కొద్దీ అది పొడవు ఘనం లెక్కన బిగుసుకుంటుంది.

ఖాళీగాను, నిండుగాను తిరిగే బండికి హెల్పర్ కట్టలు మంచివి. మామూలు బరువుకు అవి ఖాళీగా ఉంటాయి. బండి కొంత కుంగాక మాత్రమే ఛాసిస్ మీది దిమ్మకు ఆని బరువు అందుకుంటాయి. ఖాళీ బండి మెత్తదనం పోదు, నిండు బండి కూలబడదు. భిలాయ్ పికప్‌లలో ఎక్కువ వాటికి ఇదే సరైన ఎంపిక. పారాబోలిక్ కట్టలు నడుమ లావుగా, కొసలకు పల్చబడుతూ ఉంటాయి. తక్కువ కట్టలతో అదే బరువు మోస్తాయి, కట్టకూ కట్టకూ నడుమ రాపిడి తక్కువ కాబట్టి కుదుపూ తక్కువే. కాని అందులో ఒక్కటి విరిగితే పోయేది పెద్ద వాటా. దారి పక్క దొరికే ఏదో ఒక కట్టతో ఊరు చేరే వీలుండదు. గాలి సంచులు బరువుకు తగినట్టు ఒత్తిడి పెంచుకునే సదుపాయం ఇస్తాయి. పదునైన ఉక్కు ముక్కలు, మసి, వేడి ఉన్న చోట వాటి రబ్బరు ఎక్కువ కాలం నిలవదు.

కట్టలు మార్చి షాకబ్జర్లను పాతవే ఉంచితే పని సగమే. కట్ట దాచుకున్న శక్తిని వేడిగా మార్చి ఊపు ఆపేది షాకబ్జరు. కట్ట బిగిసిన కొద్దీ అది లాగిపట్టాల్సిన బలమూ పెరుగుతుంది. బండి ఎత్తు పెరిగితే దాని పొడవునూ చూసుకోవాలి. పొట్టి షాకబ్జరు గుంటలో పూర్తిగా సాగి, లోపలి రాడ్ తెగుతుంది. టమాటా, ఇంటి సామాను మోసే ఎత్తైన బండికైతే అదనపు కట్టకన్నా మంచి షాకబ్జర్లు, వంపుల్లో ఒరగనివ్వని యాంటీ రోల్ బార్ ఎక్కువ అక్కరకొస్తాయి.

బ్రేకుల సంగతి తెలియక జరిగే నష్టం అన్నిటికన్నా పెద్దది. చాలా పికప్‌లలో వెనక ఇరుసు దగ్గర లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య దూరాన్ని ఒక చిన్న మీట కొలుస్తుంది. బండి కుంగితే బరువుందని గ్రహించి వెనక చక్రాలకు బ్రేకు ఒత్తిడి పెంచుతుంది. గట్టి కట్టలతో బండి కుంగడం మానేస్తే, రెండు టన్నులున్నా అది ఖాళీ బండి అనుకుంటుంది. వెనక బ్రేకు సరిగా పట్టదు, ఆపే భారం ఎక్కువగా ముందు చక్రాల మీదే పడుతుంది. కట్టలు మార్చిన రోజే ఆ మీటను కంపెనీ కొలతకు సరిచేయించాలి. సరిచేయలేని మెకానిక్ చేత కట్టలు వేయించకపోవడమే మేలు.

కట్ట గట్టిపడినంత మాత్రాన ఇరుసు, బేరింగు, టైరు, బ్రేకు డ్రమ్ము బలపడవు. ఆస్ట్రేలియాలో సస్పెన్షన్ కిట్ బిగించి, అధికారిక ఆమోదంతో రిజిస్టరైన మొత్తం బరువు పెంచుకునే పద్ధతి ఉంది. ఇక్కడ ఆర్.సి.లో రాసిన బరువు కట్టతో మారదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000. కనుక అదే మోడల్లో ఎక్కువ బరువుకు కంపెనీయే తయారుచేసిన బండి ఉంటే, దాన్ని కొనడమే తిన్నని దారి.

ఇక కట్ట ఉక్కు. రైలు పట్టా అరగకుండా ఉండాలి, కట్ట లక్షల సార్లు వంగి లేవాలి. అందుకే కట్టలకు వాడే కొన్ని రకాల ఉక్కులో కర్బనంతో పాటు సిలికాన్ ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్ళీ మితంగా వేడిచేసి పదును పెడతారు. ఆ పైన సన్నని ఉక్కు గుళ్లతో కొట్టి పైపొరను బిగిస్తారు. కూలబడిన పాత కట్టకు దారి పక్కన సుత్తితో వంపు కొట్టిస్తే ఆకారం వస్తుంది, పదును తిరిగి రాదు. సుత్తి దెబ్బ పడిన గాటు నుంచే పగులు మొదలవుతుంది. కట్ట మీద వెల్డింగు అసలే పనికిరాదు.

కొత్త కట్టలు ఎప్పుడూ ఎడమ, కుడి జతగానే వేయాలి. పాత యు బోల్టులు ఒకసారి సాగినవి, వాటిని తిరిగి వాడకూడదు. చెవుల్లోని బుష్షులనూ అప్పుడే మార్చాలి, బండి తన బరువు మీద నిలబడ్డాకే వాటి బోల్టులు బిగించాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కట్టలు సర్దుకుని యు బోల్టులు వదులవుతాయి. రాజ్‌హరా గనులంత దూరం వెళ్లి వచ్చాక ఒకసారి, నెల తిరిగాక మరోసారి టార్క్ రెంచితో బిగించాలి. వెనక ఎత్తు మారితే హెడ్‌లైట్ల వెలుగు పడే చోటూ మారుతుంది, దాన్నీ ఆ రోజే సరిచేయించాలి.