కాల్వల పోయిన నిమ్మగడ్డి నూనె

మన భైంసా దిక్కు పత్తి, సోయా తప్ప వేరేది వేస్తే నవ్వుతరు. నేను ఎకరం నిమ్మగడ్డి వేసిన. మొదటిసారి బట్టీ పెట్టిన నాడు పక్క చేను దాకా కాల్వంత నిమ్మకాయ వాసన. "కాకా, నూనె కాల్వకు పోస్తున్నవా?" అని ఒక పిలగాడు అడిగిండు. నిజమే అడిగిండు. టన్ను గడ్డికి నాలుగైదు లీటర్లు రావాలె, నాకు మూడు కూడా నిండలే.

లోపం సపరేటర్ల ఉండె. ఆవిరి చల్లారి నీళ్లు, నూనె కలిసి దాంట్ల పడతయి. నూనె తేలిక, లీటరు 890 గ్రాముల దగ్గర, అందుకే పైకి తేలుతది. నీళ్లు అడుగు నుంచి వంపు పైపు ఎక్కి బయటికి పోతయి. నేను చేయించిన డబ్బా సన్నగ, పొడుగ్గ, 10 లీటర్లది. గంటకు 60 లీటర్లు పడుతున్నయి. అంటే నీళ్లు ఆగింది 10 నిమిషాలే! బొట్టు సైజు సగమైతే తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతది. సన్న బొట్లు నీళ్ల వెంబడే పోయినయి.

ఇప్పుడు స్టీలుది, అడుగున్నర వెడల్పు, సుమారు 60 లీటర్లు పట్టేది చేయించిన. వెడల్పు రెండింతలైతే నీళ్లు దిగే వేగం నాలుగో వంతే. ఇంకో ముచ్చట, వెల్డింగ్ ఆయనకు గట్టిగ చెప్పుండ్రి: నీళ్ల పైపు మూతి నూనె ముక్కు కన్న ఒక్క సెంటీమీటరు కిందికి పెడితే లోపల 9 సెంటీమీటర్ల నూనె నిలిస్తేగాని బయటికి రాదు. నాది 3 మిల్లీమీటర్లే. ఆఖరుకు నీళ్ల పైపు మూసి, మెల్లగ నీళ్లు పోస్తే మిగిలిన నూనె ముక్కు నుంచి వస్తది.

అయినా కాల్వ వాసన పోలే. నూనె, నీళ్లు కలవవు అంటం గాని, కొంత కరుగుతది. కరిగినదాన్ని ఎంత పెద్ద డబ్బా అయినా పట్టదు. ఆ నీళ్లు పారబొయ్యకుండ మళ్ల బట్టీల పోస్తున్న, ఆవిరితో నూనె తిరిగొస్తది. డబ్బాల పడే నీళ్లు గోరువెచ్చగ ఉండాలె. మరీ చల్లగైతే నూనె తేలుడు లేటు, వేడైతే ఆవిరైతది.

మొన్నటి కోతకు టన్నుకు నాలుగున్నర వచ్చినయి. వట్టివేర్లు వేసేటోళ్లకు ఇది పనిచెయ్యదు, ఆ నూనె బరువు నీళ్లకు దగ్గర్నే ఉంటది. హైదరాబాద్ బోడుప్పల్‌ల సీమాప్ కేంద్రం ఉన్నది, వాళ్లను అడుగుండ్రి.

బట్టీ ఉన్నోళ్లు కాల్వల పోయే నీళ్లు సీసాల పట్టి రాత్రంత పెట్టుండ్రి. పైన నూనె గీత కడితే డబ్బా చిన్నది. గీత లేకుండ వాసన కొడితే కరిగిపోయింది. మీకేం కనబడ్డదో కింద రాయుండ్రి.