కార్డు పోలేదు, అడుగుతోంది



ఈ వారం మేము రాస్తున్నది లినక్సు మీద నడిచే ఒక పాత ల్యాప్‌టాప్ గురించి, అందులోని వైఫై కార్డు గురించి. ఇక్కడ మనం మాట్లాడుకునే సంగతులకు ఇది దూరమనిపించవచ్చు. అయినా చివరిదాకా చదవండి. మీలో చాలామంది ఇళ్లలో బీరువా మీద దుమ్ముపట్టిన ల్యాప్‌టాపులు ఉన్నాయి. వాటిలో కొన్నింటికి కొత్త కార్డు అక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు చాలు.

పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న మన సంఘపు బిడ్డ ఒకరు, తాను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌ను పిల్లల చదువు కోసం మందిరానికి పంపారు. అందులో ఉన్నది లినక్సు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. దాని మూలకోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికి పంచవచ్చు. పాత యంత్రాల మీద కూడా బాగా నడుస్తుంది. ఇదీ నడిచింది, ఒక్క వైఫై తప్ప. చుట్టుపక్కల ఉన్న నెట్‌వర్కుల పేర్లు ఒక్కటీ కనిపించలేదు. మండల కేంద్రంలో రిపేరు చేసేవారికి చూపిస్తే, "కార్డు పోయిందండి, పాత మోడల్, దొరకడం కష్టం" అన్నారు.

అదే వారంలో ఇంటర్ పూర్తిచేసిన మన పిల్లలు ముగ్గురు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. ఏ కాలేజీలో ఏ బ్రాంచి ముందు కావాలో, ఏది తర్వాతో వరుసగా నింపాలి. అంత పొడవు జాబితాను ఫోను తెరమీద పైకీ కిందికీ జరుపుకుంటూ నింపడం ఎంత కష్టమో ఆ తల్లిదండ్రులకు తెలుసు. నెట్ సెంటర్‌కు వెళ్తే వెనక పదిమంది నిలబడి ఉంటారు, నిదానంగా ఆలోచించుకునే వీలుండదు. ఒక పేరు పైన పడాల్సింది కింద పడితే నాలుగేళ్ల చదువే మారిపోతుంది. గడువు ఇంకా రెండు రోజులు ఉంది.

ఆ సాయంత్రం పాలిటెక్నిక్ చదువుతున్న మన యౌవనస్థుడు ఒకరు వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మేమూ పక్కన కూర్చున్నాం. అతను స్క్రూడ్రైవర్ తీయలేదు. "అయ్యగారూ, విప్పేముందు దీన్నే అడుగుదామండి" అన్నాడు. టెర్మినల్ అనే నల్లటి తెర తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయాడు.

మొదటి ప్రశ్న: కార్డు అసలు ఉందా? దీనికి ఎల్ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞ ఉంది. యంత్రం లోపల తగిలించిన పరికరాలను అది వరుసగా చూపిస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుస కనిపించింది. పూర్తిగా చెడిపోయిన కార్డు సాధారణంగా ఆ జాబితాకే ఎక్కదు. ఇది పిలిస్తే పలికింది.

రెండో ప్రశ్న: దాన్ని ఎవరైనా ఆపి ఉంచారా? ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొడితే ఆ సంగతి తెలుస్తుంది. వైఫైకి రెండు తాళాలు ఉంటాయి. ఒకటి సాఫ్ట్‌వేర్ వేసే తాళం, విమానం గుర్తు నొక్కినప్పుడు పడేది అదే. రెండోది ల్యాప్‌టాప్ పక్కన ఉండే చిన్న స్విచ్చు వంటి హార్డ్‌వేర్ తాళం. దీన్ని ఏ ఆజ్ఞతోనూ తీయలేం, చేత్తోనే జరపాలి. మా యంత్రంలో రెండు తాళాలూ తీసే ఉన్నాయి.

మూడో ప్రశ్న: కార్డుతో మాట్లాడే డ్రైవర్ ఉందా? ఎల్ఎస్‌పీసీఐ పక్కన చిన్న గీత పెట్టి కే అక్షరం చేరిస్తే, ఏ పరికరాన్ని ఏ డ్రైవర్ చూసుకుంటోందో కనిపిస్తుంది. డ్రైవర్ పేరు అక్కడ ఉంది.

నాలుగో ప్రశ్న: మరి డ్రైవర్ ఏమంటోంది? యంత్రం లేచినప్పటి నుంచి కెర్నెల్ రాసుకున్న చిట్టా అంతా డీమెసేజ్ అనే ఆజ్ఞతో చదవవచ్చు. అందులో ఫర్మ్‌వేర్ అన్న మాట ఉన్న వరుసల్లో ఒకటి ఇలా ఉంది: ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2. ఆ 2 అంకెకు లినక్సులో ఒకటే అర్థం, అడిగిన ఫైలు అక్కడ లేదు అని. "కార్డు పోలేదండి అయ్యగారూ, ఏదో కావాలని అడుగుతోందండి" అన్నాడు ఆ అబ్బాయి.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటో అతనే మాకు చెప్పాడు. వైఫై కార్డు మీద కూడా ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. అది పని చేయడానికి దానికంటూ ఒక చిన్న ప్రోగ్రామ్ కావాలి. చాలా కార్డులలో ఆ ప్రోగ్రామ్ కార్డులోనే నిలిచి ఉండదు. కరెంటు పోతే పోతుంది. యంత్రం లేచిన ప్రతిసారీ డ్రైవర్ దాన్ని డిస్కులో నుంచి తీసి కార్డుకు అందించాలి. ఆ రోజు డిస్కులో అది లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ ఫైలు తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలి. అబ్బాయి తన ఫోనును కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాడు. అప్పుడు ఆ ఫోను వైరు నెట్‌వర్కులా కనిపిస్తుంది, వైఫై కార్డుతో పని లేదు. కార్డు రకానికి తగిన ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఎక్కించి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాడు. నెట్‌వర్కుల పేర్లు వరుసగా వచ్చాయి. పైసా ఖర్చు కాలేదు.

అంత చిన్న ఫైలు ముందే ఎందుకు పెట్టరు అని మేము అడిగాం. దాని వెనక పెద్ద వాదనే ఉంది. డెబియన్ అనే లినక్సు పంపిణీ 1993లో మొదలైంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే ఇస్తామని అది 1997లో రాతపూర్వకంగా మాట ఇచ్చింది. ఈ ఫర్మ్‌వేర్లలో చాలావాటి మూలకోడ్ తయారీదారులు బయటపెట్టరు. అందువల్ల వాటిని ప్రధాన భాగంలో కలపకుండా వేరే విభాగంలో ఉంచారు. మాట మీద నిలబడటం మంచిదే. కానీ వైరు నెట్ లేని ఇంట్లో, వైఫై ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్‌తో మొదటిసారి కూర్చున్న మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

2022లో డెబియన్ సభ్యులు దీని మీద ఓటు వేశారు. అవసరమైన ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చాలని తీర్మానించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలైంది. మాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. వారు దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని పేరు మార్చి పిలవలేదు. అది స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్ అని విభాగం పేరులోనే ఉంచారు. వద్దనుకునేవారు దాన్ని ఆపుకునే దారీ ఉంచారు. ఉన్నది ఉన్నట్టు చెబుతూనే, బయట నిలబడిన వారికి తలుపు తీశారు.

మర్నాడు ఆ ముగ్గురు పిల్లలు తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో కాలేజీ గురించి మాట్లాడుకుంటూ నిదానంగా ఆప్షన్లు నింపుకున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.

ప్రియులారా, పలకని దాన్ని పోయిందని అనడం తేలిక. సాయంత్రం తరగతికి రావడం మానేసిన పిల్లవాడి గురించి కూడా, చదువు మీద మనసు లేదని త్వరగా అనేస్తాం. గేదెలను తోలుకొచ్చే పని ఈ మధ్య వాడి మీద పడిందేమో. ఉన్నాడా, ఎవరైనా ఆపారా, ఏమి కావాలంటున్నాడు అని వరుసగా అడిగితేనే తెలుస్తుంది.

ఆ నాలుగు ప్రశ్నలను ఒక అట్టమీద రాయించి మందిరంలో ల్యాప్‌టాప్ పక్కన పెట్టించాం. మీ ఇంట్లో పలకని ల్యాప్‌టాప్ ఉంటే, పాత సామానువాడికి వేసేముందు శనివారం సాయంత్రం తీసుకురండి. ఛార్జర్, ఫోను కేబుల్ మర్చిపోకండి.