బంగారు గనుల వూరు: చుట్టాలకూ, కాపురస్థులకూ

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా చిన్నాయన విశాఖపట్నం నుండి మా యింటికి వచ్చారు. కోలారు బంగారు గనుల్లో భూమి అడుగున పాతికేళ్ళు పనిచేసి, గని మూసిన తరువాత కొన్నేళ్ళకు కొడుకు దగ్గరకు వెళ్ళిపోయిన మనిషి. యిన్నేళ్ళకు వూరు గుర్తు రావడానికి రెండు కారణాలు చెప్పారు. మనుమలు సినిమా చూసి, "తాతా, నువ్వు పనిచేసింది అక్కడేనా? అంత మసిగా వుండేదా?" అని ప్రాణం తీస్తున్నారట. అది మొదటిది. రెండవది అసలు సంగతి. రాబర్ట్‌సన్‌పేటలో మా తాతగారు కట్టించిన యిల్లు వుమ్మడిలో వున్నది. దానిని వుంచడమా, అమ్మడమా తేల్చుకోవాలి.

యీ ప్రశ్న మా యింటికి మాత్రమే పరిమితం కాదు. పలమనేరు, కుప్పం, చిత్తూరు వైపు నుండి మూడు నాలుగు తరాల క్రితం వచ్చి యిక్కడ స్థిరపడిన మన కుటుంబాలు చాలావాటిలో యిదే ప్రశ్న యేదో ఒక రూపంలో నలుగుతూనే వున్నది. అందువల్ల చిన్నాయనతో మేము తిరిగిన నాలుగు రోజుల ముచ్చట్లు నలుగురికీ పనికి రావచ్చునని వ్రాస్తున్నాము.

బంగారుపేట జంక్షనులో ఆయనను దింపుకొని, పాత అలవాటు ప్రకారం ముందుగా పానీపూరీ తినిపించాము. బంగారుపేట పానీపూరీలో పోసే నీళ్ళు తేటగా మంచినీళ్ళలాగే వుంటాయి, నోట్లో వేసుకుంటే గాని కారం తెలియదు. కొత్తగా వచ్చే చుట్టాలను ముందే హెచ్చరించడం ధర్మం. అక్కడ నుండి మారికుప్పం వెళ్ళే బండి యెక్కాము. యీ కొమ్మ లైను పొడవు పదహారు కిలోమీటర్లు. గనుల కోసమే 1894 లో వేశారు. కోరమాండల్, ఉరిగాం, ఛాంపియన్, మారికుప్పం అని స్టేషన్ల పేర్లు వినగానే చిన్నాయన ముఖం విప్పారింది.

"బండ్లో యింత జనమేందిరా? గని మూసినాక వూరు ఖాళీ అయిందనుకుంటినే!" అన్నారు.

"వూరు ఖాళీ కాలేదు చిన్నాయనా, పగలు మాత్రం ఖాళీ. యీ జనమంతా బెంగుళూరు పోయి వస్తున్నారు" అన్నాము.

మేమూ ఆ జనంలో ఒకరమే. 2001 లో గని మూసేనాటికి మాకు యిరవై నిండలేదు. పదవ తరగతి పాసైన కాగితం ఒకటి చేతిలో వున్నది. తండ్రి గని ఆఫీసులో, చిన్నాయన గని అడుగున వుండగా మాకు మరొక వుద్యోగం వెతకాలన్న ఆలోచనే యెవరికీ తట్టలేదు. గని వుండగా మన పిల్లవాడికి లోటేమిటి అనుకున్నారు. ఆ లోటు యేమిటో తరువాత తెలిసింది. యిప్పుడు తెల్లవారకముందే బండి యెక్కి, బెంగుళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి, దీపాలు పెట్టిన తరువాత యిల్లు చేరుతున్నాము. రానూ పోనూ రెండు వందల కిలోమీటర్లు.

మరునాడు చిన్నాయన కోరికమీద గని వైపు వెళ్ళాము. మా పిల్లలకు కూడా కొంత చరిత్ర తెలియాలని దారిలో ఆయన చేత చెప్పించాము. జాన్ టేలర్ కంపెనీవారు 1880 లో యిక్కడ తవ్వకం మొదలుపెట్టారు. మైసూరు గని, ఛాంపియన్ రీఫ్, ఉరిగాం, నందిదుర్గం అని నాలుగు పెద్ద గనులు. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించి లోతుకు పోయింది. 1902 లో శివసముద్రం జలపాతం దగ్గర విద్యుత్తు పుట్టించి, సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి, ముందుగా మా గనులకే యిచ్చారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905 లో. అంటే యీ విషయంలో మహానగరం కన్న మూడేళ్ళు మేమే పెద్దవాళ్ళం. మా పెద్దలు యీ మాట చెప్పుకోకుండా ఒక్క పండుగా జరిగేది కాదు.

గనులను 1956 లో మైసూరు ప్రభుత్వం తీసుకున్నది, 1962 లో కేంద్రానికి అప్పగించింది, 1972 లో భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ యేర్పడింది. మొత్తం మీద నూట యిరవై యేళ్ళలో యీ నేల యిచ్చిన బంగారం సుమారు 800 టన్నులంటారు. మొదటి రోజుల్లో టన్ను రాయికి పదుల గ్రాములు పడిన బంగారం చివరకు కొద్ది గ్రాములకు దిగింది. లోతు పెరిగిన కొద్దీ ఖర్చూ, వేడీ పెరిగాయి. "అడుగున రాయిని ముట్టుకుంటే చెయ్యి కాలేది. గాలి చల్లబరచి లోపలికి పంపినా వొళ్ళంతా చెమటే" అని చిన్నాయన చెబుతుంటే మా చిన్నది నోరు తెరుచుకొని విన్నది. 1965 లో యిదే గనిలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, ఆకాశం నుండి వచ్చే న్యూట్రినో అనే అతి సూక్ష్మ కణాల జాడను మన టాటా సంస్థ శాస్త్రజ్ఞులు జపాను, ఇంగ్లండు వారితో కలిసి పట్టుకున్నారు. బంగారం కన్న విలువైనది కూడా మా గనిలో దొరికిందని పిల్లలకు చెప్పుకోవచ్చు.

యింతసేపూ హుషారుగా మాట్లాడిన మనిషి షాఫ్టు కనబడగానే మౌనం వహించారు. తుప్పు పట్టిన యినుప గోపురం, చుట్టూ ముళ్ళ చెట్లు. కాసేపటికి దగ్గు వచ్చింది. పాత దగ్గు. గనిదుమ్ము వూపిరితిత్తుల్లో చేరిన మగవాళ్ళు మన యిళ్ళల్లో యెందరో వుండిరి.

అక్కడ ఒక కుర్రవాడు యెదురుపడి, "గని మళ్ళీ తెరుస్తారంట గదా తాతా?" అని అడిగాడు. చిన్నాయన జవాబు చెప్పలేదు. యింటికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, అరుగు మీద కూర్చొని మాతో అన్నారు.

"నాయనా, యీ మాట 2001 లో విన్నాను. ఆ మరుసటి యేడాదీ విన్నాను. రేపు తెరుస్తారు, మాపు తెరుస్తారు అని యేండ్లు కూచుంటిమి. వేరే పని నేర్చుకోలేదు. మీ పిన్ని కమ్మలు కుదువబెట్టి తిన్నాము గాని, గని తెరిస్తే పోదామని నా టోపీ మాత్రం తుడిచి పెట్టుకుంటిని. యిల్లు అమ్ముతావో వుంచుతావో నీ యిష్టం. గని కోసం మాత్రం కూచోవద్దు."

యీ ఒక్క మాట కోసమే ఆయన అంత దూరం నుండి వచ్చారా అనిపించింది.

గని తెరిచే మాట యెక్కడ నుండి వచ్చిందో చదువరులు గమనించాలి. 2024 జూనులో కర్ణాటక మంత్రివర్గం కేంద్రం పంపిన ఒక ప్రతిపాదనకు సమ్మతి తెలిపింది. అది 13 సైనైడు దిబ్బలు పరచుకొన్న సుమారు వెయ్యి యెకరాల సంగతి. రాయిని పొడి చేసి బంగారం తీసుకొన్న తరువాత పారబోసిన మట్టి అది, అందులో మిగిలిన కాస్త బంగారాన్ని యిప్పటి పద్ధతుల్లో తీయవచ్చునని ఆలోచన. అది జరిగితే సంతోషమే. కాని దిబ్బలు తవ్వడం వేరు, భూమి అడుగున వేలమందికి పని దొరికిన పాత గని వేరు. రెండూ ఒకటనుకొని పిల్లల చదువు ఆపుకోవద్దు. ఆ పొరపాటు మా యింట్లో ఒకసారి జరిగింది, చాలును.

యిక యిక్కడే వుండదలచుకొన్నవారికి మా అనుభవంలో తేలిన సంగతులు నాలుగు.

మొదటిది నీళ్ళు. కోలారు జిల్లాలో యేడాది పొడుగునా పారే నది లేదు. పూర్వులు చెరువులు తవ్వి బ్రతికారు. పాలారు మీది బేతమంగళం చెరువు నుండే ఒకప్పుడు గనులకు నీళ్ళు వచ్చేవి. యిప్పుడు బోరు వెయ్యి అడుగులు దాటినా నమ్మకం లేదు, పడిన నీళ్ళలోనూ పలుచోట్ల ఫ్లోరైడు వుంటుంది. పిల్లల పళ్ళ మీద పసుపు చారలకు అదే కారణం. చాలామంది ఆడవారు నీళ్ళు కాచి యిస్తే సరిపోతుందనుకుంటున్నారు. కాచితే పురుగు చస్తుంది గాని ఫ్లోరైడు పోదు, నీరు యింకి మరికొంత చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు ఫిల్టరు నీళ్ళ క్యాను గాని, శుభ్రంగా పట్టిన వాననీళ్ళు గాని వాడాలి. 2018 నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు తెస్తున్నారు. అది భూమిలోకి యింకడానికి వుద్దేశించినదే గాని తాగడానికి కాదు. ఆ చెరువుల దగ్గర బావులున్నవారు నీళ్ళు పరీక్ష చేయించుకోవడం మంచిది. 2023 లో ప్రారంభమైన యర్గోళ్ ఆనకట్ట నీళ్ళు కోలారు, బంగారుపేట, మాలూరు పట్టణాల కోసం.

రెండవది దుమ్ము. గాలి తిరిగిన రోజుల్లో సైనైడు దిబ్బల మీది సన్నని పొడి లేచి వీధుల్లోకి వస్తుంది. ఆ రోజుల్లో దిబ్బ వైపు కిటికీలు మూసి, నేలను చీపురుతో వూడ్వక తడిగుడ్డతో తుడవాలి. నీళ్ళ బిందెలకు, అన్నపు గిన్నెలకు మూత వుండాలి. సినిమా వచ్చిన తరువాత ఫోటోల కోసం దిబ్బలెక్కే చుట్టాలు యెక్కువయ్యారు. వారిని మెత్తగా ఆపండి. ఆ మట్టి మీద పిల్లలను ఆడనివ్వవద్దు, అక్కడ నిలిచిన నీళ్ళు పశువులకు పట్టవద్దు.

మూడవది పాత షాఫ్టులు. వాటి దగ్గరకు యెవరినీ పోనీయరాదు. లోపల నీళ్ళు నిండాయి, గాలి మంచిది కాదు. 2020 మే నెలలో దొంగతనానికి లోపలికి దిగిన ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నాలుగవది కాగితాలు. పెద్దలు గనిలో పనిచేసిన సర్వీసు కాగితాలు, ప్రావిడెంటు ఫండు చీటీలు, వైద్యుల చీటీలు, యింటి పన్ను రసీదులు పారవేయవద్దు. చెదపురుగు తగలని పెట్టెలో వరుసగా పెట్టి, యే కాగితం యెవరి పేరున వున్నదో ఒక పుస్తకంలో వ్రాసి వుంచండి. చిన్నాయన అడిగినప్పుడు మా తాతగారి యింటి పత్రం వెతకడానికి మాకు ఒక పూటంతా పట్టింది. గుమాస్తా యింట్లో యిలా జరగడం సిగ్గుచేటని మా యింటావిడ అన్నది. నిజమే.

బ్రతుకుతెరువు మాట చెప్పకపోతే యిది సగం వ్రాతే అవుతుంది. 1964 లో యేర్పడిన బెమెల్ సంస్థవారి కర్మాగారం యిక్కడ వున్నది, కాని అందరికీ అది చాలదు. కోలారు టమోటా, శ్రీనివాసపురం మామిడి, పాలు, పట్టు యీ జిల్లాను నిలబెడుతున్నాయి. 2024 చివర హొసకోటె నుండి బేతమంగళం వరకు చెన్నై కొత్త రోడ్డు తెరిచారు. రోడ్డు వచ్చిన చోట నేల ధర పెరుగుతుంది, దళారులూ పెరుగుతారు. తొందరపడి అమ్ముకోవద్దని మా సలహా.

మూడవనాడు చిన్నాయనను కమ్మసంద్రంలో కోటిలింగాల గుడికి, నాలుగవనాడు ముళబాగిలు దగ్గరి కురుడుమలె వినాయకుడి దగ్గరకు తీసుకొని వెళ్ళాము. దారి పొడుగునా టీ కొట్టులో, బస్సులో, గుడి మెట్ల మీద తెలుగే వినబడింది. బోర్డు కన్నడంలో, బేరం తెలుగులో, గని లైన్లలో అరవం. మూడు భాషలూ వచ్చిన పిల్లవాడు మా జిల్లాలో విశేషం కాదు. "విశాఖలో నా తెలుగు విని యే వూరని అడుగుతారు. యిక్కడ యెవరూ అడగలేదు" అని చిన్నాయన నవ్వారు.

వెళ్ళేముందు ఆయన యింటి విషయం తేల్చారు. యిల్లు యిప్పుడే అమ్మడం లేదు. రెండేళ్ళు ఆగి, మా పెద్దవాడి చదువు పూర్తయిన తరువాత అందరమూ కూర్చొని మాట్లాడుకోవాలని నిర్ణయం. అంతవరకు పై కప్పు బాగు చేయించి, వాననీళ్ళు పట్టే తొట్టి కట్టించమని తన వంతు డబ్బు మా చేతిలో పెట్టారు.

ఆయన బండి యెక్కిన తరువాత అటకమీద చూస్తే, యేళ్ళ తరబడి అక్కడే వున్న గని టోపీ కనబడలేదు. అడిగితే, మనుమలకు చూపించడానికి తీసుకుపోతున్నానని మా యింటావిడతో చెప్పారట.

తొట్టి పని యీ నెలలోనే మొదలుపెట్టాము. వానలు వచ్చేలోగా పూర్తి కావాలి.