గోగునార నుంచి కారు తలుపు దాకా

గోంగూర అంటే తెలుగువారికి ప్రాణం. మలేషియాలో పుట్టి పెరిగిన మన పిల్లల్లో కొందరికి తెలుగు చదవడం రాకపోయినా గోంగూర పచ్చడి రుచి మాత్రం బాగా తెలుసు. అయితే ఆ గోగు మొక్క కాండం నుంచి తీసిన నారతో గోడ పలకలూ, కారు లోపలి భాగాలూ చేయవచ్చని ఈ దేశంలోనే ఇరవై ఏళ్ళకు పైగా పరిశోధనలు సాగాయన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ఆ విషయం మీతో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను శాస్త్రవేత్తను కాను. ప్లాస్టిక్ విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాన్న పేరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతోలో కొబ్బరితోట కూలీ. నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయలు ఒలిచి ఒలిచి ఆయన అరచేతులు మొద్దుబారిపోయాయి. మా మామ్మది విజయనగరం వైపు పల్లె. గోగు కట్టెలు కట్టలు కట్టి చెరువులో ఊరవేసేవారనీ, బెరడు మెత్తబడ్డాక నడుం లోతు నీళ్ళలో నిలబడి నార తీసేవారనీ, ఆ వాసన ఊరంతా కొట్టేదనీ చెప్పేది. ఆ నారతోనే పశువులకు పలుపులు, మంచాలకు నులక పేనుకునేవారట. అందుచేత నార అన్నా, పీచు అన్నా మా ఇంట్లో కూలి బతుకే గుర్తుకొచ్చేది. "మీరైనా చదువుకుని ఈ పీచులోంచి బయటపడండిరా" అనేవాడు నాన్న.

ఇక అసలు విషయానికి వస్తాను. మనవాళ్ళు గోగు అనే పేరుతో రెండు రకాల మొక్కలను పిలుస్తారు. రెండూ మందార కుటుంబానివే. ఒకదాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. దీన్నే ప్రపంచమంతా కెనాఫ్ అంటున్నది. రెండోది హైబిస్కస్ సబ్డారిఫా. ఇక్కడ ఎర్రటి రోసెల్ పానీయం చేసేది దీని కాయల మీది రక్షకపత్రాలతోనే. ఉత్తరాంధ్ర చేలల్లో నార కోసం ఎక్కువగా వేసేదీ ఇదే. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా కేంద్రం గోగు పంట మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నది.

కెలంతాన్, తెరెంగాను రాష్ట్రాల్లో పొగాకు మీద బతికే రైతులకు మరో పంట చూపించాలన్న ఆలోచనతో మలేషియా ప్రభుత్వం కెనాఫ్‌ను ప్రోత్సహించింది. పాత పొగాకు బోర్డు స్థానంలో 2010లో జాతీయ కెనాఫ్, పొగాకు బోర్డు ఏర్పడింది. నాలుగైదు నెలల్లో కెనాఫ్ మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతుంది. పైబెరడు నుంచి పొడుగాటి నార వస్తుంది. లోపలి బెండులాంటి భాగాన్ని పలకలకూ, పశువుల కింద పరచడానికీ వాడతారు. అంటే పారేసేది దాదాపు ఏమీ లేదు.

ఈ నారతో కారు భాగం ఎలా చేస్తారని మీరు అడగవచ్చు. మన తాతలు మట్టిగోడ పెట్టేటప్పుడు బురదలో గడ్డి కలిపి తొక్కేవారు కదా! ఎండినా గోడ బీటలు వారకుండా గడ్డి పట్టి ఉంచేది. కాంపోజిట్ సూత్రమూ అదే. మట్టి బదులు ప్లాస్టిక్ లేదా రెసిన్, గడ్డి బదులు నార. విమానాలకైతే కార్బన్ నార వాడతారు. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఇలాంటి కాంపోజిట్లే. మన మెలకాలో 1990లో స్థాపించిన సీటీఆర్ఎం సంస్థ ఎయిర్‌బస్ విమానాలకు కాంపోజిట్ భాగాలు తయారుచేసి పంపింది.

కార్బన్ నార బలం గోగునారకు రాదు. కాని కారు తలుపు లోపలి పలకకు అంత బలం అక్కర్లేదు. గాజునార సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములైతే కెనాఫ్‌ది సుమారు 1.4. కారు తేలికైతే పెట్రోలు ఆదా. జపాన్ టొయోటా కంపెనీ కార్ల తలుపుల్లో కెనాఫ్ వాడింది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన 2013 ఎస్కేప్ కారు తలుపుల్లో వాడింది.

ఇందులో చిక్కులు లేకపోలేదు. నారకు నీళ్ళంటే ఇష్టం, ప్లాస్టిక్‌కు పడదు. రెండూ అతుక్కోవాలంటే నారను ముందు క్షారంలో కడగడం లాంటి పనులు చేయాలి. వేడి 200 డిగ్రీలు దాటితే నార మాడుతుంది. తేమ తగిలితే ఉబ్బుతుంది. ఒక కోతకూ మరో కోతకూ నాణ్యత మారుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు భయపడేది ఈ తేడాకే. అది నేను అనుభవం మీద చెప్పగలను.

మా చిన్నమ్మాయి యూనివర్సిటీలో ఈ నార కాంపోజిట్లే చదువుతానంది. డాక్టరో అకౌంటెంటో అవుతుందనుకున్న ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "ఏమ్మా, తాత పీచు ఒలిచాడు, నువ్వూ పీచే పట్టుకుంటావా?" అన్నారు మా బావగారు. "తాత ఒలిచాడు మామయ్యా, అది ఎందుకు తెగదో నేను చదువుతాను" అంది.

సెలవుల్లో తాత దగ్గర కూర్చుని అడిగేది. ముదురు కాయ పీచు గరుకు, కాని గట్టిది. లేత కాయ పీచు మెత్తన అని ఆయన వేళ్ళతో నలిపి చూపించేవాడు. ముదిరేకొద్దీ పీచులో లిగ్నిన్ అనే పదార్థం పెరుగుతుందని అమ్మాయి పుస్తకంలో ఉంది. కొబ్బరి పీచులో అది సుమారు 40 శాతం ఉంటుంది. అందుకే నీటిలోనూ తొందరగా కుళ్ళదు. ఆ పీచుతో నేసిన వలలను మట్టి జారే గట్ల మీద పరుస్తారు. గడ్డి వేళ్ళు పట్టేదాకా అవి నేలను కాపాడి, తర్వాత మట్టిలో కలిసిపోతాయి. మనవరాలు ఇది చదివి వినిపిస్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మేం చేసింది ఉత్త కూలిపని కాదన్నమాట" అన్నాడు. నాన్న పోయి కొన్నేళ్ళయింది. ఆయన చెప్పినవి అమ్మాయి నోటుపుస్తకంలో ఉన్నాయి. మా మామ్మ చెప్పిన గోగు సంగతులు మాత్రం నాకు గుర్తున్నంతే. ఎన్ని రోజులు ఊరవేసేవారో, నార పదును ఎలా చూసేవారో అడిగి రాసుకున్నవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

తోటలు వదిలి పట్నాలకు వచ్చాం. మంచిదే. మన పిల్లలు మళ్ళీ గునపం పట్టాలని ఎవరూ కోరరు. కాని తాతల చేతిపనిని చిన్నచూపు చూస్తే, దానిలోని విద్యను కూడా పోగొట్టుకుంటాం. ఈ పండుగకు ఇంటికి వచ్చే పెద్దలను నమస్కారంతో సరిపెట్టకుండా, వారు తోటలో ఏం పని చేశారో, ఎలా చేశారో పిల్లల చేత అడిగించండి. రాయించండి. ఏ పిల్లో పిల్లాడో నార గురించి, రబ్బరు గురించి, పామాయిల్ గెలల పీచు గురించి చదువుతానంటే వద్దనకండి.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకు ఉగాది శుభాకాంక్షలు.