హైవే 43 మీద డీజిల్ పేరిన రోజు

అల్బర్టాలో డీజిల్ పికప్ నడిపేవాళ్లకు చలికాలం రాగానే బండికి ప్లగ్ పెట్టడం అలవాటైపోతుంది. బంపర్ కింద నుంచి చిన్న వైరు ఒకటి వేలాడుతుంటుంది. అది ఇంజిన్ బ్లాక్‌లో ఉన్న హీటర్‌ది. రాత్రి గోడ సాకెట్‌లో పెడితే కూలెంట్ గోరువెచ్చగా ఉండి పొద్దున ఇంజిన్ అందుకుంటుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. మైనస్ 40లో ఆ కాస్త వేడినీ సిలిండర్ గోడలే లాగేసుకుంటాయి. ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. బ్యాటరీ సగం బలం కూడా ఇవ్వదు. మా బండికి రెండు బ్యాటరీలు ఉన్నా అంతే.

నేను గోదావరిఖని వాణ్ణి. రామగుండం ఎండల్లో, 46, 47 డిగ్రీల్లో ఇన్‌స్ట్రుమెంట్ పని చేసి వచ్చాను. ఇక్కడ గ్యాస్ బావుల దగ్గర అదే పని. ఎండలో పని ఆగితే నీడకు పోతాం, నీళ్లు తాగుతాం. ఇక్కడి చలిలో ఇంజిన్ ఆగితే వెళ్లడానికి చోటు ఉండదు. ఆ సంగతి ఎంత నిజమో నాకు 2024 జనవరిలో తెలిసింది.

2023 డిసెంబరు విచిత్రంగా వెచ్చగా గడిచింది. జనవరి రెండో వారంలో మాత్రం ఉత్తరం నుంచి చలి ఒక్కసారిగా దిగింది. ఎడ్మంటన్ విమానాశ్రయం దగ్గర మైనస్ 45 దాటింది. 12వ తేదీ శుక్రవారం నేను, న్యూఫౌండ్‌లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కంపెనీ పికప్‌లో హైవే 43 మీద ఫాక్స్ క్రీక్ వైపు వెళ్తున్నాం. వైట్‌కోర్ట్ దాటాక ఎనభై కిలోమీటర్లకు పైగా అడవే. డ్యాష్‌బోర్డ్ మీద మైనస్ 43 చూపిస్తోంది.

డీజిల్‌లో మైనం ఉంటుంది. చలి పెరిగేకొద్దీ అది పలుకులు కడుతుంది, ఇంట్లో నెయ్యి పేరినట్టే. ఆ పలుకులు ఫిల్టర్‌కు అడ్డం పడితే ఇంజిన్‌కు డీజిల్ అందదు. అందుకే ఏ ప్రాంతంలో ఏ పక్షంలో ఎంత చలి రావచ్చో లెక్కగట్టి డీజిల్ కలిపి అమ్ముతారు. మా బండి వెనకాల తొట్టిలో టైడీ ట్యాంక్ అనే అదనపు ట్యాంకు ఉంది. అందులో డీజిల్ తనంతట తానే మెయిన్ ట్యాంకులోకి దిగుతుంది. ఆ బండిని అంతకుముందు వేరే బృందం బ్రిటిష్ కొలంబియా దక్షిణ భాగానికి తీసుకెళ్లి, అక్కడి వెచ్చటి వాతావరణానికి కలిపిన డీజిల్ నింపుకొచ్చింది. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది.

మొదట బండి బలం తగ్గింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా స్పీడు వంద నుంచి అరవైకి, నలభైకి పడిపోయింది. పెద్దాయన, "పక్కకు తియ్, ఆగకముందే తియ్" అన్నాడు. తీశాను. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఫోన్లలో సిగ్నల్ లేదు. మధ్యాహ్నం మూడు దాటింది. జనవరిలో అక్కడ అయిదు కాకముందే పొద్దు గూకుతుంది.

క్యాబిన్ అంత త్వరగా చల్లబడుతుందని నేననుకోలేదు. మా ఊపిరే అద్దాల లోపలివైపు మంచు కట్టింది. పెద్దాయన సీటు కింద నుంచి కాఫీ డబ్బా తీసి అందులో కొవ్వొత్తి వెలిగించాడు. కిటికీ వేలెడంత దించమన్నాడు, లేకపోతే ఊపిరాడదని. ఆ కొవ్వొత్తి మమ్మల్ని వెచ్చబెట్టలేదు కానీ, వేళ్లు వంచుకోగలిగేంత సాయం చేసింది. సీటు వెనక స్పేర్ ఫిల్టర్ ఉంది. మార్చడానికి నేను దిగాను. ఆయనకు అరవై దగ్గర పడ్డాయి, నేను చిన్నవాణ్ణి.

అట్టపెట్టె చింపి మంచు మీద పరిచి బండి కింద పడుకున్నాను. గాలి చాసిస్ కింద నుంచి కోసుకుంటూ వస్తోంది. ఫిల్టర్ మూత మర పట్టిందో లేదో తెలియాలంటే చేతి తొడుగు తీయక తప్పదు. తీశాను. పాత ఫిల్టర్ విప్పుతుంటే పేరకుండా మిగిలిన డీజిల్ కుడిచేతి మీద ఒలికింది. ఈ సంగతి కొత్తగా వచ్చేవాళ్లకు నేను పదే పదే చెబుతాను: నీళ్లలా గడ్డకట్టదు కాబట్టి డీజిల్ మైనస్ 43లోనూ ద్రవంగానే చర్మాన్ని తాకుతుంది, తాకిన చోట వేడినంతా లాగేస్తుంది. మొదట మంట పుట్టింది. తర్వాత ఏమీ తెలియలేదు. మధ్యవేలు, చూపుడువేలు కొసలు పాలిపోయి మైనంలా అయ్యాయి.

కొన్ని బండ్లు ఆగకుండానే పోయాయి. చివరికి ఒక పెద్ద ట్రక్కు మాకు గాలి తగలకుండా పక్కనే వచ్చి ఆగింది. దిగినాయన పంజాబీ. నా ముఖం చూసి హిందీలోనే మాట్లాడాడు. నా చెయ్యి చూడగానే ముందు నన్ను తన క్యాబిన్‌లో కూర్చోబెట్టి, చేతిని రుద్దొద్దని, చంకలో పెట్టుకొమ్మని చెప్పాడు. ఫ్లాస్కులో చాయ్ పోసిచ్చాడు. పేరిన డీజిల్‌ను కరిగించే మందు సీసా ఆయన దగ్గర ఉంది. కొంత ట్యాంకులో, కొంత కొత్త ఫిల్టర్‌లో పోసి, మిగతా పని ఆయనా మా పెద్దాయనా కలిసి చేశారు. జంపర్ కేబుళ్లు కర్రల్లా బిగుసుకుపోతే తన హీటర్ ముందు పెట్టి మెత్తబరిచాడు. మందు పనిచేయడానికి చాలాసేపు పట్టింది. చీకటి పడ్డాక ఇంజిన్ అందుకుంది. ఫాక్స్ క్రీక్ దాకా లైట్లు వేసుకుని మా వెనకే వచ్చాడు. నేను బతికి ఉన్నానంటే ఆయన వల్లనే. ఆయన దారి ఆయనది, ఆగాల్సిన పని లేదు, అయినా ఆగాడు.

మర్నాడు ఎడ్మంటన్ చేరాం. అప్పటికి వేళ్ల మీద పెద్ద బొబ్బలు లేచాయి. డాక్టరు కట్టు కట్టి, ఆదివారం పొద్దున తప్పకుండా మళ్లీ రమ్మన్నాడు. ఇంట్లో ఉన్నది కంపెనీ పికప్ ఒక్కటే. మా ఆవిడ నడపాలి. బండికి ప్లగ్ పెట్టి లోపలికొచ్చాను.

శనివారం సాయంత్రం ఏడు కావస్తుండగా అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ భోగి పొద్దు. వాకిట్లో మంట చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. "చెయ్యికేమైంది కొడుకా?" అంటుండగానే నా ఫోను, మా ఆవిడ ఫోను ఒక్కసారే గట్టిగా మోగాయి. ప్రభుత్వ హెచ్చరిక. చలికి కరెంటు వాడకం పెరిగి గ్రిడ్ కూలే ప్రమాదం ఉంది, అవసరం లేని లైట్లు ఆర్పండి, ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్ వాయిదా వేయండి, బ్లాక్ హీటర్లకు ఇప్పుడే ప్లగ్ పెట్టకండి.

మైనస్ 40లో కరెంటు పోతే ఇళ్లలో ఫర్నేస్ ఫ్యాన్లు ఆగుతాయి. మా వీధిలోనే పసిపిల్లలున్న ఇళ్లున్నాయి, ఒంటరి ముసలివాళ్లున్నారు. ముందు రోజు చల్లారుతున్న క్యాబిన్‌లో కూర్చున్నవాణ్ణి, ఆ ఇళ్లు ఎలా ఉంటాయో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఆవిడ నా వైపు చూసింది. "తీసెయ్" అన్నాను. కోటు వేసుకుని వెళ్లి తీసి వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఎదురింటాయన కూడా తన బండి వైరు చుట్టుకుంటున్నాడు. ఆ కొద్ది నిమిషాల్లోనే అల్బర్టా మొత్తం మీద 150 మెగావాట్ల దాకా వాడకం తగ్గిందని తర్వాత చదివాను. కరెంటు పోలేదు.

నిజానికి బ్లాక్ హీటర్ రాత్రంతా ఉండనక్కర్లేదు, మూడు నాలుగు గంటలు చాలు. ప్రమాదం గడిచిందని వార్త వచ్చాక, తెల్లవారుజామున నాలుగుకు మొదలయ్యేలా టైమర్ పెట్టాం. ఎనిమిదికి మా ఆవిడ తాళం తిప్పింది. ఇంజిన్ నెమ్మదిగా, మూలుగుతూ తిరిగి అందుకుంది. టైర్లు రాత్రంతా నిలబడ్డ చోట చదునుగా బిగుసుకుపోయి, మొదటి కిలోమీటరు గతుకుల రోడ్డులా కుదిపాయి.

డాక్టరు కట్టు విప్పి చాలాసేపు చూశాడు. రెండు వేళ్లూ దక్కుతాయన్నాడు. మధ్యవేలి కొసకు స్పర్శ రావడానికి మాత్రం ఎండాకాలం దాకా పట్టింది.