వాడ కబుర్లు – 23: బియ్యం డబ్బాలో దాచిన కార్డు

పోయిన భాగంలో రొయ్యల షెడ్లలో ఆడవాళ్ళ కూలి గురించి రాశాను. ఈ వారం దాని మిగతా సగం రాద్దామనుకున్నా. కానీ ఆదివారం ఊరికి పోయినప్పుడు ఒక సంగతి జరిగింది. అది రాయకుండా ఇంకేదీ రాయబుద్ధి కాలేదు. రాయమన్నది మా చెల్లెలే. పేరు మాత్రం వద్దంది.

చెల్లెలంటే మా పిన్నమ్మ కూతురు. నెల్లూరు తీరంలో, బకింగ్‌హామ్ కాలవకు తూర్పున వాళ్ళ వాడ. మొగుడు రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా. తను షెడ్డులో రొయ్యలు వొలుస్తుంది. ఐసు నీళ్ళలో నానీ నానీ వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఇద్దరు ఆడపిల్లలు. అత్తకు మగపిల్లోడు కావాలి, మొగుడికి అమ్మ మాట కావాలి.

నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరేసింది. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరు బయటికి తీసింది. అందులో ఒక కార్డు. 'అంతర' ఇంజెక్షన్ కార్డు. మూడు నెలల సూది అంటారే, అదే. రెండు సూదులు అయిపోయాయి. మూడోది ఆ గురువారానికి.

"అక్కా, నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. చెడు రక్తం లోపలే పేరుకుపోయి గడ్డ కడతాదంట. నిజమేనా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "ఎందుకు వేయించుకున్నావు? నేను ఆ రోజు చెప్పాను కదా" అన్నా.

రెండేళ్ళ కింద ఏప్రిల్ 14న వాళ్ళ వాడలోనే మైకు పట్టుకుని మాట్లాడాను. ఈ సూది మన ఆడవాళ్ళ మీద ప్రయోగం, ఎవరూ వేయించుకోవద్దు అని గట్టిగా చెప్పాను. చప్పట్లు కొట్టారు. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నది ఈ చెల్లెలే.

"చెప్పినావు. చెప్పేసి రాత్రి బస్సుకు పోయినావు. నేను యాడికి పోవాల?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే ముందు ఆమె అడిగిన దానికి జవాబు రాస్తా. చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఓపికగా చదవండి. మనలో చాలామందికి రాజ్యాంగం ఆర్టికల్స్ నోటికి వస్తాయి గానీ గర్భసంచి ఎలా పనిచేస్తుందో తెలియదు.

మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఉంటుంది, పిట్యూటరీ. అది పంపే హార్మోన్ల వల్లే నెలనెలా అండం పెరుగుతుంది, పక్వమై విడుదలవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరోన్ అనే ఇంకో హార్మోన్ పెరుగుతుంది. కడుపుతో ఉన్నన్ని నెలలూ అది ఎక్కువగానే ఉంటుంది, కాబట్టి కొత్త అండం విడుదల కాదు. కడుపుతో ఉన్న మనిషికి మళ్ళీ కడుపు రాదు కదా, ఇదొక ముఖ్యమైన కారణం. శాస్త్రవేత్తలు ఈ సంగతినే పట్టుకున్నారు. అలాంటి పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి బయటినుంచి ఇస్తే పిట్యూటరీ వెనక్కి తగ్గుతుంది, అండం విడుదల ఆగుతుంది. గర్భసంచి ముఖద్వారం దగ్గర జిగురు చిక్కబడి వీర్యకణాలకు దారి మూసుకుంటుంది. లోపలి పొర పలచబడుతుంది. మాలా-ఎన్ బిళ్ళలో ఈస్ట్రోజన్ కూడా కలిసి ఉంటుంది. అంతర సూదిలో అది లేదు. ఇందులో ఉన్నది 150 మిల్లీగ్రాముల డీఎంపీఏ, పాత పేరు డెపో ప్రొవెరా.

కాబట్టి చెల్లీ, చెడు రక్తం అంటూ ఏదీ లేదు. నెలసరిలో పోయేది లోపలి పొర. ఈ సూదితో ఆ పొర పెద్దగా పెరగనే పెరగదు. పెరగనిది రాలదు, రాలనిది పేరుకోదు. మొదట్లో మరకలు మరకలుగా కనిపించడం, తర్వాత ఆగిపోవడం ఈ సూదికి మామూలే. మానేస్తే మళ్ళీ వస్తుంది.

అయితే ఇంకా కొన్ని ఉన్నాయి. వాడినంత కాలం ఎముకల సాంద్రత తగ్గుతుంది. మానేశాక చాలావరకు కోలుకుంటుంది. అమెరికా ప్రభుత్వం 2004లో దీని మీద పెద్ద హెచ్చరికే పెట్టించింది. బరువు పెరగొచ్చు. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే చివరి సూది తర్వాత ఏడు నుంచి పది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. హెచ్‌ఐవీ నుంచి కాపాడదు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: బిళ్ళ పడకపోతే రేపే మానేయొచ్చు, కాపర్-టీ తీయించుకోవచ్చు, కానీ ఒంట్లోకి పోయిన సూదిమందును వెనక్కి తీయలేం. మూడు నెలలు భరించాల్సిందే. అందుకే ఏం చెప్పినా సూది గుచ్చకముందే చెప్పాలి.

ఇవన్నీ ఎవరైనా చెప్పారా అని అడిగా. "బీపీ చూసినారు. మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిచ్చినారు" అంది.

మరి ఆ రోజు మైకులో నేను చెప్పింది అబద్ధమా అంటే, కాదు. సగమే చెప్పాను.

1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంకో గర్భనిరోధక సూదిని పరీక్షించారు. ఐసీఎంఆర్ కార్యక్రమం అది. పల్లెల నుంచి ఆడవాళ్ళను పిలిపించారు. పిల్లలు పుట్టకుండా సూది అన్నారే గానీ, అది ఇంకా పరీక్షలో ఉన్న మందని వాళ్ళకు చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళకు ఈ సంగతి తెలిసి అక్కడికి వెళ్ళి వివరించారు. విన్నాక చాలామంది వేయించుకోకుండా వెనక్కి వెళ్ళిపోయారు. 1986లో ఢిల్లీ సహేలీ లాంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు 2000 దాకా సాగింది. నెట్-ఎన్‌ను మూకుమ్మడి కార్యక్రమంలో పెట్టబోమని చివరికి ప్రభుత్వం చెప్పింది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు వాళ్ళు తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం అట్ట ఊడిపోయిన కాపీ ఒకటి చేతులు మారుతుండేది. నా ఒళ్ళు నాకు మొదట అర్థమైంది దానివల్లే.

డెపో ప్రొవెరా కథా ఇలాంటిదే. అట్లాంటాలో నల్లజాతి ఆడవాళ్ళ మీద ఏళ్ళ తరబడి వాడి చూశారు. వర్ణవివక్ష కాలంలో దక్షిణాఫ్రికా నల్ల ఆడవాళ్ళకు విరివిగా వేశారు. అంతకుముందు 1956లో గర్భనిరోధక బిళ్ళకు పెద్ద పరీక్ష జరిగింది ప్యూర్టోరికో బస్తీల్లో. మన దేశంలో 1993లో డెపో అమ్మకానికి అనుమతి వచ్చింది. మహిళా సంఘాలు కోర్టుకెక్కాయి. చివరికి 2017లో 'అంతర' పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లోకే వచ్చింది. ముందు ఎవరి ఒంటి మీద చూస్తారో ఈ వరసే చెబుతుంది.

ఇంత తెలిసినందువల్లే మైకులో 'వద్దు' అన్నా. కానీ పటాన్‌చెరులో వాళ్ళు చేసింది వేరు. వాళ్ళు ఏముందో చెప్పారు, తేల్చుకున్నది ఆ ఆడవాళ్ళు. నేను ఏమీ చెప్పకుండా వద్దన్నా. ఆసుపత్రి వాళ్ళు ఏమీ చెప్పకుండా వేశారు. మా చెల్లెలి దగ్గరికొచ్చేసరికి నాకూ వాళ్ళకూ పెద్ద తేడా లేకపోయింది.

మా అమ్మకు 23 ఏళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. బడి సెలవుల్లో క్యాంపు, తరగతి గదిలో బల్లలు. చేతికి కొంత డబ్బు. నాన్నను ఎవరూ అడగలేదు. ఎమర్జెన్సీలో మగవాళ్ళను పట్టుకుపోయారు, ఆ కోపానికి ప్రభుత్వమే ఓడిపోయింది. ఆ తర్వాత కత్తి పూర్తిగా ఆడవాళ్ళ వైపే తిరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. సూదులు, బిళ్ళలు వాడేవాళ్ళూ లెక్కకు రానంత తక్కువే. ఈ క్యాంపులు మూసేయమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2016 దాకా పట్టింది. దానికి ముందు బిలాస్‌పూర్‌లో 2014లో పదిమందికి పైగా ఆడవాళ్ళు చచ్చిపోయారు. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించిన జిల్లా మాది. అదే జిల్లాలో సిరంజిలో ఏముందని అడగడానికి ఇంకా జంకుతాం.

గర్భనిరోధం అంటేనే మనవాళ్ళను తగ్గించే కుట్ర అనే తమ్ముళ్ళకు ఒక మాట. 1938 నవంబరులో బొంబాయి శాసనసభలో గర్భనిరోధం మీద తీర్మానం పెట్టింది బాబాసాహెబ్ పార్టీయే. ఆయన రాలేకపోతే పి.జె. రోహమ్ ప్రవేశపెట్టాడు. గాంధీ బ్రహ్మచర్యం పాటించమంటున్న రోజులవి. బాబాసాహెబ్ వాదన మాత్రం, కనాలా వద్దా అన్నది ఆడమనిషి చేతిలో ఉండాలని. తీర్మానం ఓడిపోయింది. మన వాడల్లో ఆయన విగ్రహాలకు లెక్కలేదు, ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది?

గురువారం నేనూ చెల్లెలితో ఆసుపత్రికి పోయా. షెడ్డులో సగం పూట కూలి పోయింది. వరసలో ముందు పదిమంది. నర్సమ్మ కార్డు అందుకుని సూది తీయబోతుంటే నేను నోరు తెరిచా. చెల్లెలు నా చెయ్యి నొక్కి ఆపింది.

"మేడం, ఎన్ని సంవత్సరాలు వేయించుకోవచ్చు? ఎముకలకు నేనేం తినాల? ఆపితే బిడ్డ ఎన్ని నెలలకు వస్తాది?"

నర్సమ్మ తలెత్తి చూసింది. విసుక్కుంటుందనుకున్నా. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇన్నాళ్ళలో ఇట్లా అడిగినోళ్ళు లేరమ్మా" అని ఒక్కొక్కటే చెప్పింది. రాగులు, పాలు, చిన్న చేపలు ముల్లుతో సహా తినమంది. రెండేళ్ళు దాటితే డాక్టరమ్మతో మాట్లాడి తేల్చుకోమంది. వెనక వరసలో ఇద్దరు ముందుకు జరిగి వింటున్నారు.

"వేయనా మరి?"

చెల్లెలు కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత చేతి రవిక పైకి లాక్కుంది.

బస్సులో కార్డు మళ్ళీ కవర్లో పెట్టి జాకెట్టులో దోపుకుంది. "మీ బావకు ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుంటా, నువ్వు నోరు మెదపబాక" అంది. సరే అన్నా.

(వచ్చే భాగం: ముప్పై అయిదేళ్ళకే గర్భసంచి తీయించుకున్న ముగ్గురు అక్కలు)