చేతికేసి కాదు, టీవీకేసి చూడు

న్యూయార్క్‌లో స్టైన్‌వే స్ట్రీట్ స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే ఆస్టోరియా స్టూడియోలు. తర్వాత పారమౌంట్‌గా మారిన కంపెనీ 1920లో కట్టుకున్న చోటిది. మూకీల కాలంలో వెలిగింది, హాస్యనటులు మార్క్స్ బ్రదర్స్ తొలి టాకీ ఇక్కడే తీశారు. ఆ పాత భవనాల్లో ఒకటి ఇప్పుడు మ్యూజియం ఆఫ్ ది మూవింగ్ ఇమేజ్. అందులో 2017 నుంచి బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ మీద శాశ్వత ప్రదర్శన నడుస్తోంది. పక్క స్టూడియోలో ‘సెసమీ స్ట్రీట్’ షూటింగు జరుగుతుంటుంది. మన దేశంలో ‘గలీ గలీ సిమ్ సిమ్’ పేరుతో 2006లో వచ్చిన పిల్లల కార్యక్రమానికి మాతృక అదే.

న్యూజెర్సీలో ఉండే మేనకోడలి కూతురు నాకు తోడొచ్చింది. నిజానికి నేనే దానికి తోడు.

గాజు పెట్టెలో కెర్మిట్ కప్ప. ఇంత చిన్నదా అనిపిస్తుంది. 1955లో హెన్సన్ మొదటి కెర్మిట్‌ని వాళ్లమ్మ పారేసిన పాత కోటు గుడ్డతో కుట్టాడు, కళ్లకి పింగ్‌పాంగ్ బంతిని రెండు చెక్కలు చేసి అతికించాడు. అప్పుడతను మేరీలాండ్ యూనివర్సిటీలో మొదటి ఏడాది కుర్రాడు. వాషింగ్టన్‌లో ఓ టీవీ స్టేషన్ వాళ్లు రోజుకి ఐదు నిమిషాలిచ్చారు. తోటి విద్యార్థిని జేన్ నెబెల్‌తో కలిసి ‘శామ్ అండ్ ఫ్రెండ్స్’ మొదలుపెట్టాడు. తర్వాత ఆమెనే పెళ్లి చేసుకున్నాడు.

అప్పటిదాకా టీవీలో బొమ్మలాట అంటే ఓ చిన్న రంగస్థలం కట్టి, దాని ముందు కెమెరా పెట్టడమే. హెన్సన్ ఆ రంగస్థలాన్ని పీకేశాడు. టీవీ చట్రమే వేదిక అన్నాడు. ఆడించేవాడు చట్రం కింద ఉంటాడు, చేయి పైకెత్తుతాడు, ఎదురుగా నేలమీద పెట్టిన మానిటర్‌లో ఇంట్లో జనం చూసే బొమ్మనే తనూ చూస్తూ ఆడిస్తాడు. అతని జీవితంలో మిగతాదంతా ఈ ఒక్క ఉపాయం నుంచి పుట్టిందేనని నాకు అనిపిస్తుంది.

అదెంత కష్టమో తెలియడానికి అక్కడే ఓ కెమెరా, మానిటర్, కొన్ని బొమ్మలు పెట్టారు. బొమ్మ తలలోకి చేయి దూర్చాను. మాట్లాడించబోతే దాని నోరు తెరుచుకోవడం మానేసి తల వెనక్కి వాలిపోతోంది. నాలుగు వేళ్లు కదలకూడదట. బొటనవేలు కిందికి దిగాలి, మన దవడలాగా. సరే, కుడివైపు నడిపిద్దామని చేయి కుడికి జరిపితే మానిటర్‌లో బొమ్మ ఎడమకి పోతోంది. అద్దంలో చూసుకునే అలవాటుకి ఇది పూర్తిగా తిరకాసు. “తాతయ్యా, చేతికేసి కాదు, టీవీకేసి చూడు,” అంది పిల్ల. రెండు నిమిషాల్లో దాని బొమ్మ నా బొమ్మ ముక్కు కొరికేసింది. మన తోలుబొమ్మలాట కళాకారుడికి తెరమీది నీడ వెనక నుంచే కనిపిస్తుంది. ఇక్కడ ఆ నీడ కూడా ఎదురుతిరుగుతుంది.

బొమ్మలకంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి కాగితాలు. హెన్సన్ మాటల్లో కంటే గీతల్లో ఆలోచించే రచయిత. స్టోరీబోర్డుల్లో ఒక్కో గడీ ఒక్కో షాట్. ఈ పొదుపు అతనికి కాఫీ ప్రకటనల్లో వంటబట్టి ఉంటుంది. విల్కిన్స్ కాఫీ కోసం 1957 నుంచి తీసిన ఆ ముక్కల నిడివి పది సెకన్లు. ఒక బొమ్మ కాఫీ తాగమంటుంది, రెండోది వద్దంటుంది, వద్దన్నది ఫిరంగి దెబ్బ తింటుంది. కథ, పాత్రలు, ముగింపు అన్నీ అందులోనే ఇమడాలి!

1965లో ‘టైమ్ పీస్’ అనే తొమ్మిది నిమిషాల సినిమా రాసి, తీసి, తనే నటించాడు. బొమ్మలు లేవు. ఆస్కార్ నామినేషన్ వచ్చింది. పిల్లల మనిషి అనే ముద్ర అతనికి ఎప్పుడూ నచ్చలేదు. విచిత్రమేమిటంటే ఆ ముద్ర శాశ్వతం కావడానికి నాలుగేళ్లే పట్టింది.

1969 నవంబర్ 10న హెన్సన్ బొమ్మలతో ‘సెసమీ స్ట్రీట్’ మొదలైంది. అంతకుముందు కొన్ని ఎపిసోడ్లు పిల్లలకి చూపించి పరీక్షిస్తే, వీధి సన్నివేశాలు రాగానే పిల్లలు దిక్కులు చూశారు. నిజం మనుషుల్నీ బొమ్మల్నీ కలిపితే పిల్లలు తికమకపడతారని పండితులు చెప్పడంతో వీధిలో మనుషుల్నే ఉంచారు మరి. ఆ సలహా పక్కన పెట్టి హెన్సన్ బృందం ఎనిమిదడుగుల బిగ్ బర్డ్‌ని వీధిలోకి దించింది. లోపల కారోల్ స్పిన్నీ కుడిచేయి నెత్తిమీదికి ఎత్తి పక్షి తలని పట్టుకునేవాడు, ఛాతీకి చిన్న మానిటర్ కట్టుకునేవాడు, స్క్రిప్టు కాగితాలు లోపలే అంటించుకునేవాడు.

తర్వాత ‘మపెట్ షో’. మపెట్లంటే హెన్సన్ తన బొమ్మలకి పెట్టుకున్న పేరు. అమెరికన్ నెట్‌వర్కులు మొహం చాటేస్తే లండన్ దగ్గర ఎల్‌స్ట్రీలో బ్రిటిష్ టీవీ నిర్మాత లూ గ్రేడ్ చోటిచ్చాడు. 1976 నుంచి 1981 దాకా 120 ఎపిసోడ్లు, వందకు పైగా దేశాలు చూశాయి.

అక్కడి నుంచి సినిమా దర్శకత్వం. ‘గ్రేట్ మపెట్ కేపర్’లో కెర్మిట్, మిస్ పిగ్గీ లండన్ పార్కులో సైకిళ్లు తొక్కుతాయి. చట్రం కింద దాచే కాళ్లని బయటపెట్టిన గడుసుతనమది. మరుసటి ఏడు, 1982లో తన బృందంలోని ఫ్రాంక్ ఓజ్‌తో కలిసి తీసిన ‘డార్క్ క్రిస్టల్’లో తెరమీద ఒక్క మనిషీ లేడు. బొమ్మల పనితనం అద్భుతం, కథ మాత్రం పల్చన. ఆ బొమ్మల ముందు నిలబడినా నా అభిప్రాయం మారలేదు. 1986లో ‘లాబిరింత్’కి రెండున్నర కోట్ల డాలర్లు పెడితే అమెరికా థియేటర్లలో సుమారు సగమే వచ్చింది. దెబ్బ గట్టిగానే తగిలింది. మరో సినిమాకి దర్శకత్వం వహించకుండానే 1990 మే 16న, 53 ఏళ్లకి పోయాడు.

ఆ ‘లాబిరింత్’ని వీడియో క్యాసెట్లలో చూసి పెరిగినవాళ్లే ఇప్పుడు పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడికొస్తున్నారు. మా పిల్లకి అవేవీ పట్టలేదు. మళ్లీ కెమెరా దగ్గర వరసలో నిలబడింది, నా చేతికి ఇంకో బొమ్మ తొడిగించి.